మా ఆయనకు లక్ష్యం వెతికిన ఏడాదిన్నర

ఆ రోజు బడి నుంచి మామూలు కంటే అరగంట ముందే ఇంటికి వచ్చాను. వీధి మలుపులోనే మాడు వాసన తగిలింది. ఎవరింట్లో ఏం మాడిందో అనుకుంటూ గేటు తీశాను. చూస్తే పొగ మా వంటింట్లోంచే వస్తోంది. స్టవ్ మీద పప్పు గిన్నె బొగ్గులా నల్లబడిపోయి, అడుగు ఎర్రగా కాలుతోంది. వంటింటికి నాలుగడుగుల దూరంలో, ముందుగదిలో, మా ఆయన చంద్రారెడ్డి కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో పేపర్ లేదు, టీవీ పెట్టుకోలేదు. ఆ రోజు ఆయనకు పనికి సెలవు. మధ్యాహ్నం నేను ఫోన్ చేసి పప్పు వేడి చేసుకోమంటే పొయ్యి మీద పెట్టారట. ఆ తర్వాత ఆపమని నేను చెప్పలేదు, ఆయన ఆపలేదు.

"పప్పు మాడిపోయింది, తెలుస్తలేదా మీకు?" అన్నాను.

"అట్లనా," అన్నారు. అంతే. కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు.

నాకు ఒళ్లు మండింది. ఆయనేమీ వంటింటి సంగతి తెలియని మనిషి కాదు. ఇరవై రెండేళ్లుగా తాండూరులో ఒక పప్పు మిల్లులో కందులు చూసి తీసుకునే పని ఆయనది. రైతులు తెచ్చిన బస్తాల్లోంచి పిడికెడు గింజలు తీసి, పిడికిలి బిగించి, సందులోంచి లోపలికి వెచ్చగా ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఏ మూలైనా తడి తగిలి ముక్కిపోయి ఉంటే ఆ వెచ్చదనానికి వాసన బయటపడుతుంది. ముక్కిన కందులు ఒక్క బస్తా కలిసినా పప్పంతా పాడవుతుంది. బషీరాబాద్ వైపు నుంచి వచ్చే రైతులు ఆయన పిడికిలి వైపు చూస్తూ నిలబడేవారు. అలాంటి మనిషికి ఇల్లంతా పొగ కమ్మినా పట్టలేదంటే, నిర్లక్ష్యం తప్ప ఇంకేం అనుకుంటాను?

అది నిర్లక్ష్యం కాదని తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను. నాలాంటి తెలివిగలవాళ్లు ఇంటింటికీ ఒకరుంటారు.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏటా బడి తెరవగానే పదో తరగతి పిల్లలందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి 'నా లక్ష్యం' రాయిస్తాను. లక్ష్యం ఉంటే ఉత్సాహం దానంతటదే వస్తుందని, ఉత్సాహం లేనివాడు లక్ష్యం లేనివాడేనని మైకు దొరికితే చాలు గంటసేపు చెప్పగలను. తోటి టీచర్లు నన్ను 'లక్ష్యం మేడం' అని ఆటపట్టిస్తారు. నేను ముసిముసిగా నవ్వుకునేదాన్ని.

పప్పు మాడిన నాటి నుంచి ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. చూస్తే మార్పు అంతకు ముందే వచ్చినట్టుంది. ఐదింటికే లేచి ఇల్లు ఊడ్చే మనిషి, లేపితేగానీ లేవడం లేదు. లేవండి అంటే లేస్తారు. స్నానం చేయండి అంటే చేస్తారు. గడ్డం గీసుకోండి అంటే గీసుకుంటారు. ఒక చెంప గీశాక నేను పిలిస్తే రెండో చెంప అలాగే వదిలేసి వస్తారు. మా అమ్మాయి స్వాతి ఇంటర్ మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకుని కాగితం చేతికిస్తే, చూసి పక్కన పెట్టారు. పిల్ల ముఖం చిన్నబోయింది. ఆయనకు దిగులుందా అంటే అదీ లేదు. కోపం లేదు, కన్నీళ్లు లేవు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు.

మా బావగారు ఊరి నుంచి వచ్చి చూసి, తమ్ముడు మస్తు శాంతమైపోయిండని మెచ్చుకుని వెళ్లారు. ఆ శాంతం చూస్తే నాకు లోపల ఎక్కడో చలి పుట్టేది. ఎందుకో చెప్పలేకపోయేదాన్ని.

మిల్లులో రెండుసార్లు ముక్కిన సరుకు ఆయన చేతి మీదుగా లోపలికి పోయింది. యజమాని పాత మనిషి కదా అని ఊరుకుని, ఆయన్ని గేటు దగ్గర చీటీలు రాసే పనికి మార్చాడు. మూడు నెలలకు ఆ పనీ సరిగా సాగక కొన్నాళ్లు ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. అడిగితే, "రావద్దన్నరు" అన్నారు. అవమానం అన్న నీడ కూడా లేదు ఆ ముఖంలో.

తాండూరులోనే ఒక ఫిజీషియన్‌కు చూపించాను. థైరాయిడ్, షుగర్, బీ ట్వెల్వ్, అన్నీ రాశారు. "రిపోర్టులన్నీ నార్మల్ మేడం. ఈ వయసులో కొందరికి ఇట్ల అవుతది. జర మోటివేట్ చేయండి," అన్నారు. పాపం ఆయన మాటవరసకు అన్నారు. నేను దాన్ని ఆర్డర్ కింద తీసుకున్నాను.

గోడకు టైంటేబుల్ అంటించాను. పొద్దున నడక, తర్వాత పేపర్, తర్వాత మొక్కలకు నీళ్లు. నేను ఇంట్లో ఉన్నంతసేపు అన్నీ జరిగేవి. నేను బడికి వెళ్లగానే ఆ మనిషి ఎక్కడ ఉంటే అక్కడే ఆగిపోయేవారు. ఒకరోజు తిరిగొచ్చేసరికి నీళ్ల పైపు చేతిలో పట్టుకుని ఒకే గులాబీ మొక్క ముందు నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో తెలియదు. మొక్క చుట్టూ మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడ్డాయి.

ఒక ఆదివారం మా బడి పిల్లలకు ఇచ్చినట్టే ఆయనకూ తెల్లకాగితం, పెన్ను ఇచ్చాను. మిగిలిన జీవితంలో ఏం చేయాలనుందో రాయమని చెప్పి వంటింట్లోకి వెళ్లాను. గంట తర్వాత వచ్చి చూస్తే పెన్ను మూత తీసి ఉంది. కాగితం పైన తారీఖు మాత్రం గుండ్రటి అక్షరాలతో రాశారు. "ఇంకేం రాయాల్నో నువ్ చెప్పలే," అన్నారు. నేను పళ్లు నూరుకున్నాను. ఆ మాటలోనే జబ్బంతా ఉందని నాకప్పుడు తెలియదు.

ఇక ఇంట్లో కాదని, వికారాబాద్‌లో అనంతగిరి గుట్ట మీద మూడు రోజుల శిబిరం ఉందంటే తీసుకెళ్లాను. జీవిత పరమార్థం తెలుసుకోవడం మీద అన్నమాట. చుట్టూ అడవి, చల్లటి గాలి. పెద్ద హాల్లో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, మీరు ఎందుకు బతుకుతున్నారో ఒక్కొక్కరూ చెప్పండి అన్నారు. ఒకాయన పిల్లల కోసం అన్నాడు, ఒకామె దేవుడి కోసం అంది. మా ఆయన వంతు వచ్చింది.

"ఊరికెనే," అన్నారు.

కొందరు నవ్వారు. శిబిరం నడిపే ఆయన మాత్రం కళ్లు మూసుకుని తలాడించి, ఇది ఎంతో సాధన చేస్తేగానీ రాని స్థితి అని పొగిడి చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను. నా మొగుడు జ్ఞాని అయిపోయాడని కాసేపు నమ్మాను కూడా. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ప్యాంటు తడిసిపోయింది. తడిసిన సంగతి ఆయనకు తెలుసు. కదల్లేదు, సిగ్గుపడలేదు, కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. నా శాలువా తీసి ఆయన ఒళ్లో కప్పాను. తాండూరు వచ్చేదాకా ఆ శాలువా అంచు వదల్లేదు.

ఆ వారమే మళ్లీ వికారాబాద్ వెళ్లి ఒక సైకియాట్రిస్టును కలిశాం. నిదానంగా మాట్లాడే మనిషి. డిప్రెషన్ అనుకుని మందులు రాశారు, నెలకు రమ్మన్నారు. నెల తర్వాత ఆయనతో చాలాసేపు మాట్లాడి, నన్ను విడిగా కూర్చోబెట్టారు.

"ఆయనకు బాధ లేదమ్మా. నాకు అదే నచ్చట్లేదు. ఒకసారి బ్రెయిన్ స్కాన్ చేయిద్దాం," అన్నారు.

నేను సరేనన్నాను. అని, చేయించలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయన్నది నేను అందరికీ చెప్పిన కారణం. అసలు కారణం భయం. స్కాన్ తీయకపోతే అందులో ఏమీ ఉండదని మొండిగా అనుకున్నాను. రెండు నెలలు పోయాయి. ఆ రెండు నెలల సంగతి ఈ రోజుకీ గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను క్షమించుకోలేను.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం గఫార్ భాయ్ వచ్చాడు. మిల్లులో హమాలీల మేస్త్రీ, మా ఆయన పక్కన ఇరవై ఏళ్లుగా పనిచేసిన మనిషి. తువ్వాలలో మూట కట్టి కందులు తెచ్చాడు. "సార్, జర చూసి చెప్పుండ్రి," అని మూట విప్పాడు. మా ఆయన చేయి దానంతటదే వెళ్లింది. పిడికెడు తీశారు, ఊదారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చేతికి అలవాటైన పని, ఏ మాత్రం తడబాటు లేదు.

"మంచిగున్నయ్," అన్నారు.

గఫార్ భాయ్ మూట కట్టుకుని, చాయ్ కూడా తాగకుండా లేచాడు. గేటు దగ్గర నన్ను పిలిచాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

"టీచరమ్మా, గివి ముక్కిన కందులు. కావాల్నని తెచ్చిన. సీజన్ల దుమ్ముకు మా అందరి ముక్కులు మూసుకపోతయ్, వాన పడంగనె మళ్ల తెరుసుకుంటయ్. సార్‌ది తెరుసుకోలే. నాకు మస్తు రోజుల సంది తెలుసు. చెప్తె నౌకరి పోతదని నోరు మూసుకున్న. పక్కన నిలబడి నేనే ఇషారా చేసేటోన్ని. మొదట్ల నా దిక్కు చూసేటోడు. తర్వాత చూసుడే బంద్ చేసిండు."

తువ్వాల విప్పించి నేను వాసన చూశాను. గుప్పున కొట్టింది. ఆ వాసన రాకపోవడానికి మనిషికి ముక్కైనా ఉండకూడదు, ప్రాణమైనా ఉండకూడదు. లోపలికి వెళ్లి ఆయన్ని కళ్లు మూసుకోమన్నాను. దంచిన వెల్లుల్లి, కాఫీ పొడి, ఫినాయిల్, ఒకటి తర్వాత ఒకటి పెట్టాను. మూడింటికీ "ఏం లేదు" అన్నారు. స్వాతి గుమ్మంలో నిలబడి చూస్తోంది. మాడిన పప్పు గిన్నె అప్పుడు గుర్తొచ్చి నేను వంటింటి గడప మీద కూలబడ్డాను.

మర్నాడు పొద్దున రైలెక్కి వికారాబాద్‌లో దిగాం. వాసన మాట చెప్పగానే ఆ డాక్టర్‌గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఎప్పటి నుంచి అని ఆయన్నే అడిగారు.

"మూడేండ్లు అయితుండొచ్చు," అన్నారు మా ఆయన.

మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగారు డాక్టర్.

"మొదట్ల చెప్పనీకి భయమైంది. తర్వాత చెప్పాలనిపించలే."

ఆయన నా వైపు చూడలేదు. నేనే ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. ఉద్యోగం పోతుందన్న భయంతో జబ్బును దాచుకున్న మనిషిని ఆ జబ్బే తినేసింది. చివరికి దాచుకోవాలన్న పట్టుదల కూడా మిగల్చలేదు.

అదే రోజు సీటీ స్కాన్ తీశారు. డాక్టర్‌గారు ఫిల్మ్ వెలుగుకు పెట్టి చూపించారు. నుదుటి వెనక, రెండు కళ్ల మధ్య నుంచి పైకి, తెల్లగా ఒక ముద్ద. పెద్ద నిమ్మకాయంత ఉంది. దాని చుట్టూ మెదడు వాచి ఉంది. "మెనింజియోమా కావచ్చు, మెదడు పైపొరలో పుట్టే గడ్డ. చాలా మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతది. ముందు వాసన నరాలను నొక్కుతది. తర్వాత ఫ్రంటల్ లోబ్‌ను, అంటే మెదడు ముందు భాగాన్ని. మనిషికి లేవాలి, చేయాలి అనిపించేది అక్కడేనమ్మా," అన్నారు.

మరి నేను ఇన్నాళ్లూ లక్ష్యం పెట్టుకోమని వెంటపడ్డానని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఆయనకు బతకడానికి కారణాలు తక్కువై కాదు. కారణం ఎంత పెద్దదైనా, అది పోయి తాకవలసిన చోట గడ్డ ఉంది," అన్నారు. నేను పిల్లలకు ఇన్నేళ్లు చెప్పినదాంట్లో అడుగున ఒక ఇటుక లేదని ఆ గదిలో కూర్చుని తెలుసుకున్నాను.

హైదరాబాద్‌లో ఎమ్మారై, ఆ తర్వాత ఆపరేషన్. సర్జన్ సంతకాలకు ముందు అన్నీ చెప్పారు. చూపు పోవచ్చు, ఫిట్స్ రావచ్చు. వాసన ఎలాగూ తిరిగి రాదు. "పర్సనాలిటీ ఎంత రికవర్ అవుతదో మేం ముందే చెప్పలేం. మీరు లోపలికి పంపిన మనిషి, బయటికొచ్చే మనిషి ఒకరే కాకపోవచ్చు," అన్నారు. లోపలికి పంపుతున్న మనిషి ఎవరో నాకే తెలియదని చెప్పాలనిపించింది. సంతకం పెట్టాను. పుర్రె తెరిచి చేసే ఆ క్రేనియాటమీ దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. గఫార్ భాయ్ కారిడార్‌లో గోడకు ఆనుకుని, పెదవులు కదుపుతూ, అంతసేపూ నిలబడే ఉన్నాడు.

మూడు రోజులు ఆయన కళ్లు తెరిచి చూశారే తప్ప మాట లేదు. నాలుగో రోజు కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతోంది. నేను పక్కన కూర్చుని ఏదో ఫారం నింపుతున్నాను.

"సుజాతా, గా కర్టెన్ జర జరుపు," అన్నారు.

అంతకు ముందు ఎన్నో నెలలుగా ఆయన తనంతట తాను ఏదీ అడగలేదు. కర్టెన్ జరిపి, దాని వెనకే నిలబడి ఏడ్చాను.

గండం గడిచిందనుకుని ఇంటికి వచ్చాం. రెండు వారాలకు, వంగినప్పుడల్లా ముక్కులోంచి నీళ్లు కారడం మొదలైంది. జలుబనుకుని మిరియాల చారు కాచి ఇచ్చాను. ఇంత జరిగాక కూడా నా సొంత వైద్యం మానలేదు చూడండి. గొంతులోకి దిగుతున్న నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఆయనే అన్నారు. సాయంత్రానికి చలిజ్వరం, మెడ వంచలేకపోవడం. అది మెదడు చుట్టూ ఉండే నీరని, సీఎస్ఎఫ్ లీక్ అంటారని మళ్లీ అడ్మిట్ చేశాకే తెలిసింది. నడుములోకి సన్నటి గొట్టం పెట్టి పది రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. ఇన్ఫెక్షన్ మెదడుకు ఎక్కుతుందేమోనని డాక్టర్లు రోజుకు రెండుసార్లు వచ్చి మెడ వంచి చూసేవారు. వాళ్లు వెళ్లాక నర్సును ఆపి ఏమన్నారో అడిగేదాన్ని.

అది కూడా దాటాం. ఇప్పటికి రెండేళ్లు దాటింది. మనిషి తిరిగి వచ్చారు, కాకపోతే పూర్తిగా పాత మనిషి కాదు. మొదటి ఆరు నెలలు ఎంత కోపమో. స్వాతి చున్నీ కుర్చీ మీద వేసిందని కంచం విసిరికొట్టారు. పిల్ల బెదిరిపోయింది, నేను మాత్రం లోపల సంతోషించాను. కోపానికి కూడా ఎక్కడో ఒక కోరిక ఉండాలి కదా.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఒళ్లు కుదుటపడ్డాక తనంతట తానే తయారై మిల్లుకు వెళ్లారు. పిడికెడు కందులు తీసి ఊదారు. ఏ వాసనా రాలేదు, ఇక రాదు. ఆ ముక్కు ఒక్కటే అన్నేళ్లూ ఆయన చదువు, పేరు, తిండి. బస్తాల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారని గఫార్ భాయ్ చెప్పాడు. ఇంటికి వచ్చి నాతో అన్నారు, "లేవాలనైతె అనిపిస్తుంది సుజాతా. లేచి ఎటు పోవాల్నో తెలుస్తలేదు."

అప్పుడు పనుంది, మనిషిలో కదలిక లేదు. ఇప్పుడు కదలిక వచ్చింది, పని లేకుండా పోయింది. జీవితమంతా ఈ రెండూ ఒకటేనని పాఠం చెప్పిన నేను, ఆయనకు చెప్పడానికి ఒక్క వాక్యం దొరక్క ఊరుకున్నాను. ఊరుకోవడమే మంచిదైంది. మర్నాడు కూడా ఆయన మిల్లుకే వెళ్లారు, ఎవరూ పిలవకపోయినా. గింజ కొరికి, పంటి కింద అది చిట్లే తీరును బట్టి తేమ ఎంతుందో చెప్పడం మొదలుపెట్టారు. వాసన గఫార్ భాయ్ చూస్తాడు, తేమ ఈయన చూస్తారు. ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేస్తున్నారు. ఇక మీ లక్ష్యం ఇదేనా అని నోరు జారి ఒకసారి అడిగాను. "ముందుగాల లేస్తున్న గదా. ఎందుకనేది లేచినంక చూస్కుంటున్న," అన్నారు.

ఇక్కడితో కథ సుఖాంతం అని రాయాలనే ఉంది. కానీ సర్జన్ ఎముకను అంటుకున్న చిన్న ముక్కను తీయలేక వదిలేశారు. మొన్నటి ఎమ్మారైలో అది కొంచెం పెరిగినట్టుందన్నారు. ఆరు నెలలు చూసి రేడియేషన్ సంగతి ఆలోచిద్దామన్నారు. ఆ రోజు నుంచి ఆయన కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే చాలు, చేస్తున్న పని ఆపి చూస్తాను. అలసటా, ఆలోచనా, లేక మళ్లీ ఆ గడ్డేనా? పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు డాడీని చూడకమ్మా అని స్వాతి కోప్పడుతుంది. నిజమే. అయినా చూస్తూనే ఉంటాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో చురుకైన మనిషి కారణం లేకుండా ఆగిపోతే, ముందు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. వాసన, చూపు, నడక, మూత్రం, ఏ చిన్న తేడా ఉన్నా దాచకుండా చెప్పండి, చెప్పించండి. అది డిప్రెషన్ అయినా జబ్బే, దానికీ వైద్యముంది. స్కాన్ రాస్తే మరుసటి రోజే చేయించండి. జీవితానికి అర్థం వెతుక్కోవడానికి ఆ తర్వాత బోలెడంత సమయం ఉంటుంది, ఉంటే.

వచ్చే స్కాన్‌కు అపాయింట్‌మెంట్ నేను తీసుకోలేదు. ఆయనే ఫోన్ చేసి తీసుకున్నారు. నిన్న పొద్దున ఆ తారీఖు నాకు చెప్పి, క్యాలెండర్‌లో రెండుసార్లు సరిచూసుకున్నారు.

"భయమైతుందా?" అని అడిగాను.

"మస్తు భయమైతుంది," అన్నారు.

ఎంత ధైర్యం వచ్చిందో నాకు ఆ మాటతో.